పెనుకొండలో ఇంటివాడు లేడు

ఆ రోజుల్లో బెంగుళూరులో కంప్యూటరు పని అంటే మా ధర్మవరం వీధిలో టీవీలు బాగుచేయడం కిందే లెక్క. నేను చేసేది అంతకన్నా చెప్పుకోలేని పని, నెట్‌వర్క్ కార్డును కంప్యూటరుకు పరిచయం చేసే డ్రైవర్ ప్రోగ్రాం రాయడం. చేరిన కొత్తలోనే మా డ్రైవర్‌కు ఒక జబ్బు పట్టుకుంది. మిషను ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. తప్పు చూపదు, మొత్తుకోదు, ఊరికే నిలబడిపోతుంది. ఏ పని ఎక్కడ ఆగిందో స్క్రీను మీదకు రప్పించి, వారాల తరబడి కళ్లు కాయలు కాసేలా చూస్తే సంగతి తేలింది. ఒకే వస్తువును రెండు పనులు ఒకేసారి ముట్టుకోకుండా ప్రోగ్రాంలో తాళాలుంటాయి, పట్టుకున్న పని వదిలేదాకా ఇంకోదానికి దొరకవు. డేటా పంపే పని ముందు క్యూ తాళం పట్టుకుని, తర్వాత కార్డు తాళం అడుగుతోంది. కార్డును సరిచేసే పని ముందు కార్డు తాళం పట్టుకుని, తర్వాత క్యూ తాళం అడుగుతోంది. రెండూ ఒకేసారి మొదలైతే నువ్వు వదులు అంటే నువ్వు వదులు అని అట్లాగే ఉండిపోతాయి. మందు చాలా చిన్నది. ఎవరైనా సరే ముందు ఈ తాళం, తర్వాతే ఆ తాళం అని ఒక వరస పెట్టడం. పెట్టాను, మిషను మళ్లీ ఆగలేదు. మేనేజరు భుజం తట్టాడు, నేను నేల మీద నడవడం మానేశాను.

ఆ గర్వంతోనే ఇంటి మీద పడ్డాను. మా నాయన, చిన్నాయన మగ్గాలు పంచుకున్నప్పుడు, తాత నేసిన పాత డిజైను చీరకు కావలసిన సామాన్లు రెండూ చెరొకరికి పోయాయి. పడుగు పోగులను విడివిడిగా పట్టే పొడవాటి అచ్చు నాయనకు, బుటాలు దింపే చిల్లుల అట్టలు చిన్నాయనకు. చిన్నాయన హిందూపురం వెళ్లిపోయి, పిలవందే అన్న గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. అవ్వే రైలెక్కి పోయి కొడుకును చూసి వచ్చేది. చూపు తగ్గాక అదీ లేదు. ఆమెకు ఒకటే కోరిక, కొడుకులిద్దరూ కలిసి ఆ చీర నేస్తే ఒక్కసారి కట్టుకుని పోవాలని. "వాడు అట్టలు తెస్తే అచ్చు ఇస్తా" అని నాయన. "అన్న అచ్చిస్తే అట్టలిస్తా" అని చిన్నాయన. (కొత్త అచ్చు కొనొచ్చు కదా అంటారేమో. కొంటే ఓడినట్టు కదా.)

ఇది నాకు తెలిసిన జబ్బే అనుకున్నాను. ఎవరూ ఎవరింటికీ పోనక్కర్లేదు, మధ్యలో ఉన్న పెనుకొండ స్టేషనుకు ఇద్దరూ రావాలి, చిన్నవాడు ముందు ఇవ్వాలి అని వరస పెట్టాను. ఇద్దరూ వచ్చారు. పంచెలో చుట్టిన అచ్చుతో నాయన బెంచీకి ఒక కొసన, గోనెసంచిలో అట్టలతో చిన్నాయన ఇంకో కొసన, మధ్యలో నేను.

"ఇయ్యి చిన్నాయనా" అన్నాను.

"ఇస్తా లేబ్బా. ఒక్క మాట పలకరించమను మీ నాయన్ని."

"వచ్చినోళ్లని ఇంట్లో ఉండేవాళ్లు పలకరిస్తారు," అన్నాడు నాయన నాతోనే. "ఇది నా ఇల్లా?"

"నాది గూడా కాదు గదప్పా," అన్నాడు చిన్నాయన, ఆయనా నాతోనే.

మా వైపు పద్ధతి అది. గడప దగ్గరికొచ్చిన మనిషిని, పగవాడైనా సరే, ఇంటివాడే ముందు "ఎప్పుడొస్తివి" అని అడగాలి. ఆ మాట పడితేనే వచ్చినవాడు నోరు తెరుస్తాడు. ఎవరిదీ కాని చోటైతే న్యాయంగా ఉంటుందని నేను ఏరికోరి పెట్టిన పెనుకొండలో ఇంటివాడే లేడు. వేరుశనక్కాయలు కొనిచ్చాను. ఇద్దరూ తిన్నారు, వానల గురించి నాతో మాట్లాడారు. హిందూపురం బండి రాగానే చిన్నాయన గోనె భుజాన వేసుకుని ఎక్కేశాడు.

ఇంటికి రాగానే అవ్వ "తెస్తిరా?" అని చేయి చాచింది.

"బండి ఆలస్యమాయె లేమ్మా, మళ్లీ పోతాం" అన్నాడు నాయన.

ఆమె నమ్మినట్టే తలూపింది. నాకు ఏడుపు ఆగలేదు, పెరట్లోకి పోయాను. మళ్లీ పోయేలోగానే అవ్వ పోయింది.

కబురందుకుని చిన్నాయన వచ్చి గడప బయటే నిలబడ్డాడు. అవ్వ తల దగ్గర కూర్చున్న నాయన చూశాడు.

"ఎప్పుడొస్తివిరా?"

"ఇప్పుడే అన్నా" అని చిన్నాయన బావురుమన్నాడు.

అంతే. ఇన్నేళ్లూ కావలసిన వరస మా గడపలోనే ఉంది. దాన్ని రైలెక్కించి పెనుకొండ తీసుకుపోయిన ఆ కుర్ర ఇంజనీరును తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు. బెంచీ మధ్యన ఎంత ధీమాగా కూర్చున్నాడో అని నవ్వొస్తుంది, వెంటనే అవ్వ చేయి గుర్తొస్తుంది. తర్వాత అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ చీర నేశారు. చాలా బాగా వచ్చింది. కట్టుకునే మనిషి లేదు కాబట్టి, చెరొక కొస పట్టుకుని మడతపెట్టి అవ్వ పెట్టెలో పెట్టారు.