తోటికోడలి స్పాంజి

నాకు కుళ్లు. మా తోటికోడలంటే కుళ్లు. ఇన్నాళ్లకైనా ఒప్పుకోకపోతే ఎలా?

అంకులి ఊళ్లో మా ఇల్లు రెండంతస్తులు. పైన బావగారు, తోటికోడలు. కింద నేను, మా ఆయన, మా ఏడేళ్ల పిల్ల. ఆమెకు పిల్లల్లేరు. పైన హాల్లో పచ్చటి మొక్కలు పెంచిన పెద్ద గాజుతొట్టి, అందులో రంగు చేపలు. నా కూతురు బడి నుంచి రాగానే సంచి గుమ్మంలో గిరాటేసి మెట్లెక్కేసేది. చీకటి పడ్డాక దిగొచ్చి, "పెద్దమ్మ ఇలగ సెప్పింది, పెద్దమ్మ అలగ సెప్పింది" అని ఒకటే పాట. నాకు ఒళ్లు మండిపోయేది. నేను కన్న పిల్ల ఆమె కొంగు పట్టుకు తిరగడమేమిటి?

మనమూ ఒక తొట్టి పెడదామని మా ఆయన్ని పీక్కుతిన్నాను.

"నెల్రోజులు సేపలెయ్యకూడదంట. ఆగగలవేటి?" అన్నాడు.

"సేపల గురించి నాకేటి సెప్తావు? మా నాన్న ఒడ్డున వేలం పాడితే పెరిగినదాన్ని!"

అన్నానే గానీ, మా ఇంటికొచ్చిన చేపలన్నీ ఐసులో పడుకుని వచ్చినవే. బతికున్న చేపకేం కావాలో మా వంశంలో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు.

తొట్టి వచ్చింది. మట్టి పరిచి, మొక్కలు నాటి, ఫిల్టరు బిగించి నీళ్లు నింపాను. పిల్ల వచ్చి చూసి "సేపలేవి?" అంది. వస్తాయన్నాను. "ఒచ్చాక పిలు" అని పైకి పోయింది.

నాలుగు రోజులు పళ్లు బిగబట్టుకున్నాను. ఐదోనాడు తోటికోడలే గిన్నెలో ఒక స్పాంజి ముక్క పట్టుకుని దిగొచ్చింది.

"నా ఫిల్టర్లోది సెల్లీ. సేపలెయ్యగానే నీల్లలో ఇసం పుడతాది. దాన్ని తినీసే కంటికానని పురుగులు దీన్లో ఉంటాయి. పాలకి తోడెట్టినట్టే అనుకో, ఇదుంటే నెల్రోజులు ఆగక్కర్లేదు. కడక్కుండా ఉన్నదున్నట్టు ఎట్టీ" అంది.

చూస్తే కాటుకలా నల్లగా, జిగటగా ఉంది. పైగా నీచు కంపు. తళతళలాడే తొట్టి ఆమెకి, దాని మురికి నాకా? ఆ ముక్క పెడితే నా నీళ్లు మురికిగా మారతాయి, నా పిల్ల ముక్కు మూసుకుని మళ్లీ పైకి పోతుంది. ఇదే ఆమె ఎత్తు అనుకున్నాను. చిన్నప్పుడు బళ్లో మమ్మల్ని చూసి ఎవరూ ముక్కు మూసుకోకూడదని మా అమ్మ చేపల గంపల్ని మూడుసార్లు తోమితే గానీ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆ అమ్మ పెంపకమే నాది. తోటికోడలు మెట్లెక్కిందో లేదో, స్పాంజిని కొళాయి కింద పెట్టి పిండీ పిండీ కడిగాను. బ్లీచింగు వాసన కొట్టే ఆ నీళ్లలో మురికంతా పోయి కొత్తదానిలా తెల్లబడింది. మర్నాడే పది చేపలు తెచ్చి వేశాను.

మూడు సాయంత్రాలు నా కూతురు నా ఒళ్లోనే! పైనుంచి పిలుపొస్తే "నాను రాను పెద్దమ్మా, నా సేపలు బెంగెట్టుకుంటాయి" అంది. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో!

నాలుగోనాడు రెండు చేపలు పైకి తేలాయి. మర్నాటికి ఒక్కటీ మిగల్లేదు.

పిల్ల గుక్కపట్టిన ఏడుపు విని తోటికోడలు పరుగున వచ్చింది. ఫిల్టరు మూత తీసింది. తెల్లగా ఉన్న స్పాంజిని చూసింది, నన్ను చూసింది. ఆమె మూత పెట్టేసి పిల్ల పక్కన చతికిలబడింది.

"తప్పు నాదే తల్లీ. నానిచ్చిన స్పాంజే పాడైపోనాది. మీ అమ్మకేటి తెలుస్తాది?"

నేనే కడిగేశానని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నా కూతురు ఆమె చెయ్యి విదిలించికొట్టి నా నడుము కరుచుకుంది. ఆమె మెల్లగా లేచి పైకి వెళ్లిపోయింది.

ఆ వారమంతా పిల్ల మెట్ల వైపు చూడలేదు. నేను కోరుకున్నదే దక్కింది. ఒకరోజు తల దువ్వుతుంటే వెనక్కి తిరిగి అడిగింది.

"అమ్మా, పెద్దమ్మ కావాలనే అలగ సేసిందేటి?"

"ఏమోనమ్మా" అన్నాను. అని, జడ అల్లడం మొదలుపెట్టాను.