రెండు ఎర్రసిరా శిక్షలు, ఒక మెడల్

తొంభైల మొదట్లో ఒక అక్టోబరు నెలాఖరున నన్ను ఉత్తర సరిహద్దులో ఒక కొండమీది పోస్టుకు పంపారు. అప్పటికి నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో నాయక్‌ని, రేడియో ఆపరేటర్‌ని. ఆ పోస్టు ఒక పదాతి దళానిది. వాళ్ళ దగ్గరికి నన్ను అటాచ్‌మెంట్ మీద పంపారు. అంటే మనిషి ఒక యూనిట్‌కు చెందుతాడు, పని ఇంకో యూనిట్‌కు చేస్తాడు. సిగ్నల్ వాళ్ళ బతుకంతా ఇంతే. పెళ్ళిలో సన్నాయి వాళ్ళ లాంటి వాళ్ళం. మేం లేనిదే ముహూర్తం నడవదు, ఫోటోలో మాత్రం మేం ఉండం.

ఆ ఫోటోలో నా మొహం చేర్పించుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

సైన్యంలో మనిషికి ఏం జరిగినా, సెలవైనా, పెళ్ళైనా, బదిలీ అయినా, యూనిట్ క్లర్కు దాన్ని పార్ట్ టూ ఆర్డరు అనే కాగితం మీద టైపు చేసి రికార్డు ఆఫీసుకు పంపాలి. అక్కడ అది సర్వీసు రికార్డులోకి ఎక్కితేనే జరిగినట్టు. ఎక్కకపోతే ముగ్గురు పిల్లల తండ్రి కూడా బ్రహ్మచారే. బాగా ఎత్తైన మంచు ప్రాంతంలో నిర్ణయించినన్ని రోజులు పనిచేసిన వాళ్ళకు హై ఆల్టిట్యూడ్ మెడల్ ఇస్తారు. దానికీ ఇదే దారి. నేను పైకి వెళ్ళినట్టు నా యూనిట్ రాయలేదు, పై వాళ్ళు రాస్తారులే అనుకుంది. నేను వచ్చినట్టు పై వాళ్ళు రాయలేదు, కింది వాళ్ళు రాసే ఉంటారు అనుకున్నారు. ఇద్దరి మర్యాద మధ్యా నా మెడల్ పోయింది. నేను హవల్దార్‌గా రిటైరైన రోజున చేతికిచ్చిన డిశ్చార్జి పుస్తకంలో ఆ మెడల్ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. కాగితాల ప్రకారం ఆ చలికాలమంతా నేను మైదానంలో ఎండ కాచుకున్నాను.

నేను నిజంగా ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

కొండెక్కేటప్పుడు నా కిట్‌లో ఒక గుడ్డసంచి ఉంది. సత్తెనపల్లి దగ్గర మా చేలో కాసిన ఎండుమిరపకాయలను నా భార్య రూతమ్మ అందులో పోసి కుట్టి ఇచ్చింది. ఆ పోస్టులో పప్పు మూడు పూటలా ఒకే రుచిగా ఉండేది, అంటే ఏ రుచీ ఉండేది కాదు. వారం రోజులు ఓర్చుకున్నాను. నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం బంకరు తలుపు మూసి, కిరసనాయిలు స్టవ్ మీద ఓ గుప్పెడు కాయలు వేయించాను.

విషవాయువు దాడి జరిగితే కొట్టడానికి ఆ పోస్టులో ఒక ఇనప రేకు వేలాడేసి ఉండేది. కాపలా సిపాయి ముందు దగ్గాడు. తర్వాత తుమ్మాడు. ఆ తర్వాత రేకు కొట్టాడు. రెండు నిమిషాల్లో పోస్టంతా మాస్కులు తగిలించుకుని కందకాల్లో ఉంది. పోస్టు కమాండరు మేజర్ గారు మాస్కుతోనే నా బంకరు తలుపు తన్ని లోపలికి వచ్చారు. నేను మాస్కు లేకుండా, స్టీలు గ్లాసు అడుగుతో పచ్చడి నూరుకుంటూ కనబడ్డాను. ఆయన మాస్కులోంచి ఏదో అరిచారు, నాకు వినబడలేదు. తీసి అరవబోయారు, దగ్గు వచ్చింది, మళ్ళీ పెట్టుకున్నారు. అలా మూడుసార్లు జరిగింది. నేను అటెన్షన్‌లో నిలబడే ఉన్నాను.

నాకు తీవ్ర మందలింపు శిక్ష పడింది. చిన్న శిక్షల్ని నల్లసిరాతో, పెద్దవాటిని ఎర్రసిరాతో రికార్డులో రాస్తారు. నాది ఎర్రసిరా. దీనిమీద నేను ఏనాడూ అర్జీ పెట్టలేదు. తప్పు నాదే. పచ్చడి కూడా బాగా కుదిరింది.

మరుసటి వారమే కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. మే నెల దాకా మనిషి పైకి రాలేడు, కిందికి పోలేడు. ఆ ఆరు నెలల్లో ఏ పచ్చడి కోసం రేకు కొట్టారో ఆ పచ్చడి కోసమే నా బంకరు ముందు పళ్ళేలతో వరస కట్టారు. వేయించడం మాత్రం పొయ్యి ఆరుబయట పెట్టుకుని. అందరికన్నా ముదిరినవాడు లాన్స్ నాయక్ బల్‌దేవ్, హిమాచల్ మనిషి. మొదటిరోజు నాలుక బయట పెట్టి మంచులో పొర్లాడు. సంక్రాంతి వెళ్ళేసరికి ఒట్టి కాయలు కొరుక్కుని తింటున్నాడు.

మే నెల మూడో వారంలో దారి తెరిచారు. దారి తెరవగానే పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చారు. నేను రేడియో సెట్ దగ్గర డ్యూటీలో ఉన్నాను, చెవులకు హెడ్‌ఫోన్లు. ఉన్నట్టుండి రేకు మోగింది. బల్‌దేవ్ సంచి అడుగున మిగిలిన కాయలన్నీ తెచ్చి మూసిన బంకరులో ఒక్కసారే వేయించాడు. తనిఖీకి వచ్చిన ఆయన దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నేను కాదన్నాను. సెట్ వదిలి లేవలేదన్నాను. మేజర్ గారు ఒక్కటే అన్నారు: మిరపకాయలు ఎవరివో తప్పు వాడిది. బల్‌దేవ్ వరసలో నిలబడి తన బూట్లు చూసుకున్నాడు. రెండో ఎర్రసిరా శిక్ష కూడా నాకే పడింది.

రెండు ఎర్రసిరాలున్న మనిషికి ప్రమోషన్లు నత్తకు నడక నేర్పినట్టు వస్తాయి. హవల్దార్ ఆలస్యంగా అయ్యాను. నాయబ్ సుబేదార్ అసలు కాలేదు. నా కంటే వెనక చేరిన వాళ్ళకు నేను సెల్యూట్ కొట్టాను. ఎన్ని సెల్యూట్లో నాకు గుర్తుంది. చెప్పమంటే చెబుతాను, ఎవరూ అడగలేదు.

రిటైరై వచ్చాక రెండు ఫైళ్ళు తెరిచాను. ఒకటి మెడల్ ఫైలు. రెండోది ఆ రెండో శిక్ష కొట్టేయించే ఫైలు. రెండూ కలిసిపోకుండా వేర్వేరు సంచుల్లో పెట్టేవాణ్ణి. మొదటిది మంగళవారం, రెండోది శుక్రవారం. మధ్యలో మిరప, పత్తి. రికార్డు ఆఫీసు మొదటి జవాబులో నన్ను హవల్దార్ అనకుండా సిపాయి అని సంబోధించింది. అందుచేత కొంతకాలం మూడో ఫైలు కూడా నడిచింది. అందులో గెలిచాను.

మెడల్ ఫైలుకు మాత్రం ఏటా అదే జవాబు: పైన పనిచేసినట్టు ఆ కాలంలో రాసిన కాగితం చూపండి. తోటి వాళ్ళ మాట సాక్ష్యం కాదు. పోస్టు వైర్‌లెస్ లాగ్ పుస్తకాల్లో పేజీ పేజీకీ నా సంతకం ఉండేది. కానీ గడువు తీరిన లాగ్ పుస్తకాలు తగలబెట్టడం నియమం. ఎన్నింటినో నేనే తగలబెట్టాను, శ్రద్ధగా.

ఈ మెడల్ లేకపోతే ఏమైందని అడిగేవాళ్ళు సుబేదార్ కోటయ్యను చూడలేదు. వాడిది పొదిలి. నాతోపాటే భర్తీ అయినవాడు. మాజీ సైనికుల సమావేశాల్లో అందరం మెడల్స్ పెట్టుకుని కూర్చుంటాం. కోటయ్య నా ఛాతీ వైపు చూసి, మైకు పక్కన, జనం వినేలా అనేవాడు.

"ఏరా దాసూ, కొండ కింద చలిమంట వెచ్చగా ఉండేదంటగా!"

నవ్వులు. తొమ్మిది సమావేశాల్లో తొమ్మిదిసార్లు అన్నాడు. ఒకసారి సమావేశం ఏ ఊళ్ళోనో మర్చిపోయి ఆలస్యంగా వచ్చాడు గానీ ఆ మాట మర్చిపోలేదు.

పోయిన ఏడు మిరప కోతల కాలంలో నా రెండో ఫైలుకు అదృష్టం పట్టింది. ఏళ్ళ తరబడి నేను రాసిన ఉత్తరాలకు విసిగి, బల్‌దేవ్ తన ఊళ్ళో నోటరీ ముందు ఒప్పుకోలు పత్రం రాసి పంపాడు. మే నెలలో మిరపకాయలు వేయించింది తానేనని, ఏసుదాసు నిర్దోషి అని. చదివి మంచం మీదే ఎగిరాను. ఆ కాగితం పట్టుకుని గుంటూరులో సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ మస్తాన్‌వలి గారని, రిటైర్డ్ హవల్దార్ క్లర్కు, మాలాంటి వాళ్ళ అర్జీలు చూస్తారు. బస్సు హడావుడిలో ఆ రోజు రెండు సంచులూ తెచ్చాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఆయన శిక్షల ఫైలు చదివారు. తర్వాత మెడల్ ఫైలు చదివారు. మళ్ళీ మొదటిది తీశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దాసు గారూ, మీ ఫైళ్ళు రెండూ ఒకదాని గొంతు ఒకటి పిసుకుతున్నాయండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. నేను సమాచార హక్కు కింద తెప్పించుకున్న శిక్షల నకలు ఆయన నా ముందు పెట్టి వేలు పెట్టి చూపించారు. మొదటి శిక్ష: నవంబరు మొదటి వారం, పోస్టు పేరు, ఎత్తు అడుగుల్లో సహా. రెండో శిక్ష: మే నెల మూడో వారం, అదే పోస్టు. మధ్యలో దారి మూత. అంటే ఆ రెండు తేదీల నడుమ నేను అక్కడే ఉన్నాను, రెక్కలుంటే తప్ప. మెడల్‌కు కావలసిన రోజులకన్నా ఎక్కువే. మేజర్ గారి సంతకంతో, ఎర్రసిరాతో.

నేను పైకెక్కినట్టు ఎవరూ రాయలేదు. పైన మిరపకాయలు వేయించినట్టు మాత్రం రెండుసార్లు రాశారు.

కుర్చీలోంచి లేచి మస్తాన్‌వలి గారి రెండు చేతులూ పట్టుకుని ఊపాను. ఆయన ఊగుతూనే మిగతాది చెప్పారు. "ఆగండి. ఇప్పుడీ ఒప్పుకోలు పత్రం పంపితే రెండో శిక్ష కొట్టేస్తారు. కొట్టేసిన ఎంట్రీని ఆధారంగా చూపడానికి వీల్లేదు. అప్పుడు మీరు నవంబరులో ఎక్కారు, ఎప్పుడు దిగారో దేవుడికే తెలియాలి. మెడల్ రాదు. ఏదో ఒకటి ఎంచుకోండి."

అంటే నేను చేయని తప్పు నాదేనని ఒప్పుకుంటే, నేను చేసిన సర్వీసు నాదవుతుంది.

మూడు రోజులు నిద్ర పట్టలేదు. నన్ను సుబేదార్ కానీయనిది ఆ శిక్షే. దాన్ని నేనే కాపాడాలా? రూతమ్మ కళ్ళంలో కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. ఆమెకు అంతా చెప్పాను.

"ఏమయ్యా, ఆ శిక్ష కొట్టేస్తే ఇప్పుడు నిన్ను సుబేదార్ని చేస్తారా?"

"చెయ్యరు."

"కొండెక్కావా, లేదా?"

"ఎక్కాను."

"మరి ఎక్కిన కాగితం ఉంచుకో. తాలుకాయ కోసం టిక్కీ బస్తా అంతా పారబోస్తావా?" అంది. ఇంకో గుప్పెడు ఏరి, మళ్ళీ తనే అంది. "అయినా మిరపకాయలు నావి. శిక్షలూ వాటివే, మెడల్ కూడా వాటిదే. ఇందులో నువ్వు చేసిందేముంది?"

ఆ సాయంత్రం బల్‌దేవ్‌కు ఫోను చేశాను. మేం మాట్లాడుకునేది హిందీలో. వాడు ఎత్తగానే సంబరంగా, "ఒప్పేసుకున్నాను హవల్దార్ సాబ్, ముప్ఫై ఏళ్ళ బరువు దిగింది!" అన్నాడు.

"మళ్ళీ ఎత్తుకో" అన్నాను.

"ఎందుకు సాబ్?"

"ఆ కాయలు నేనే వేయించాను."

వాడు మెల్లగా, "సాబ్, ఇంట్లో ఎవరైనా పక్కన ఉన్నారా? ఒంట్లో బాగుందా?" అన్నాడు. సంగతి చెప్పాక వాడు నవ్విన నవ్వుకు ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. నేనూ నవ్వాను. కళ్ళంలో కాయలు ఏరే ఆడవాళ్ళు పని ఆపి మరీ చూశారు.

మర్నాడు రెండో ఫైలు ఉపసంహరించుకుంటూ ఒకే వాక్యం రాశాను: పై శిక్షపై నాకు అభ్యంతరం లేదు. నా జీవితంలో నేను రాసిన అతి చిన్న అర్జీ అది. మెడల్ ఫైలుకు రెండు శిక్షల నకళ్ళూ జతచేశాను. అర్హతకు ఆధారం అన్న గడిలో 'శిక్షలు' అని మస్తాన్‌వలి గారు తన చేత్తో రాశారు. రాస్తూ ఆయన భుజాలు అదిరాయి. అలాంటి అర్జీ తన చేతిమీదుగా ఎన్నడూ వెళ్ళలేదన్నారు.

తర్వాతి పత్తి తీతల నాటికి రికార్డు సవరించినట్టు ఉత్తరం వచ్చింది. నన్ను హవల్దార్ అనే సంబోధించారు. కొన్నాళ్ళకు రిజిస్టరు పోస్టులో మెడల్ వచ్చింది. పోస్ట్‌మ్యాన్ సంతకం అడిగితే రెండు చోట్ల పెట్టాను.

ఆ ఏటి సమావేశానికి గంట ముందే వెళ్ళి మైకు పక్క కుర్చీలో కూర్చున్నాను. కోటయ్య వచ్చాడు, నోరు తెరిచాడు, నా ఛాతీ చూసి మూశాడు. "ఎట్టా వచ్చిందిరా ఇది?" అని అడిగాడు, మైకుకు దూరంగా జరిగి.

"శిక్ష పడ్డందుకు. నీకు ఎన్ని ఎర్రసిరాలురా?"

"ఒక్కటీ లేదు" అన్నాడు రొమ్ము విరిచి.

"మరి నువ్వు ఎక్కడెక్కడ ఉన్నావో ఎవరికి తెలుసురా?" అన్నాను, మైకుకు దగ్గరగా. ఈసారి నవ్వులు నావి. ఆ రోజు ఇంటికి వెళ్ళాక వాడు తన డిశ్చార్జి పుస్తకం తీసి మొదటినుంచి చివరిదాకా చూసుకున్నాడని వాళ్ళావిడ రూతమ్మకు చెప్పింది.

దీనివల్ల నేను తెలుసుకున్నది ఇది. మనిషి చేసిన సేవ రాయడానికి ఆఫీసుకు తీరిక కావాలి, చేసిన తప్పు మాత్రం ఆ పూటే రాస్తుంది, తేదీతో, స్థలంతో, సంతకంతో. రెండో శిక్ష అన్యాయమన్న నా అభిప్రాయం మారలేదు. దానిమీద ఇక అర్జీ పెట్టను. అటాచ్‌మెంట్ మీద వెళ్ళే సిగ్నల్ వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. చేరిన రోజున, వదిలిన రోజున మీ పేరున పార్ట్ టూ ఆర్డరు పడిందో లేదో క్లర్కు పక్కన నిలబడి చూసుకోండి. పడకపోతే, తలుపు మూసి నాలుగు ఎండుమిరపకాయలు వేయించండి.