మునగ కొయ్యల కంచె

పంకజవల్లి అత్త నోటికి జంకని ఆకుకూరల వ్యాపారి ముదలియార్‌పేటలో లేడు. తోటకూర కట్ట చిన్నదిగా ఉందన్నవాణ్ణి నలుగురిలో కడిగేసేది. సంఘంలో మమ్మల్నీ వదిలేది కాదు. లెక్కలు, తీర్మానాలు రాసేది నేను గనుక నాకు రెండు వడ్డింపులు ఎక్కువ.

మా సంఘంలో పద్దెనిమిది మందిమి. టౌన్లో ఇళ్ళ మధ్య ఖాళీగా పడున్న స్థలాల్లో ఆకుకూరలు పండిస్తాం. విడివిడిగా అడిగితే ఎవరూ ఇవ్వరు. అందుకని సంఘమే యజమానికి మాటిస్తుంది: నెలా రెండు నెలల్లో పీకేసే పంట తప్ప చెట్టు పెట్టం, అడిగిన రోజు ఖాళీ చేస్తాం అని. చెట్టు పెరిగితే రేపు హక్కు అడుగుతారని వాళ్ళ భయం. ఈ నియమం పెట్టించింది అత్తే. మూడేళ్ళ కిందట బొప్పాయి మొక్క నాటాడని మా సభ్యుడు చంద్రన్‌ను స్థలం నుంచి తప్పించిందీ ఆమే. అతను ఎంత బతిమాలినా వినలేదు. ఆ రోజు నాకు ఆమె మీద ఒళ్ళు మండింది.

పోయిన వానాకాలం మేకలు పడుతున్నాయని అత్త తన మడుల చుట్టూ కంచె కట్టింది. పక్కింటివాళ్ళు కొట్టి పారేసిన మునగ కొమ్మలనే కొయ్యలుగా పాతింది. తరవాత కూతురి కాన్పుకని కాలాపేట వెళ్ళి రెండు నెలలుంది. ఆమె బదులు వంతులవారీగా నీళ్ళు పోసిన మేము కంచె సంగతి పట్టించుకోలేదు. తడి నేలలో మునగ కొమ్మ ఊరుకుంటుందా? కొయ్యలన్నీ వేళ్ళూని, చిగిర్చి, మనిషెత్తు లేచాయి. స్థలం యజమాని పురుషోత్తమన్ గారు చూసి ఫోన్ చేశారు. ఆ మనిషిని మార్చండి, లేకపోతే నా స్థలం నాకు ఇచ్చెయ్యండి అన్నారు.

సమావేశంలో అందరం ఆమె పక్షమే. పాతింది కంచె గానీ చెట్టు కాదు కదా, పీకేసి క్షమాపణ చెబితే ఆయనే మెత్తబడతారు అన్నారు అధ్యక్షుడు గుణశేఖరన్. పన్నెండేళ్ళుగా ఆ నేలే ఆమె బతుకని అందరికీ తెలుసు. అత్త మాత్రం తల అడ్డంగా ఊపింది.

"చంద్రన్ కూడా పీకేస్తా అనె కదా. నేను వింటినా? ఆ పొద్దు వాడికి చెప్పిందే ఈ పొద్దు నాకూ. రాసుకో భువనేశా."

ఆమె మళ్ళీ చెప్పాక, ఆమెను ఆ స్థలం నుంచి తప్పిస్తున్నట్టు తీర్మానం రాశాను.

స్థలం కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో మొదటి పేరు చంద్రన్‌దే. మర్నాడు అత్తే అతన్ని వెంటబెట్టుకెళ్ళి, ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఎటువైపు మెంతికూర బాగా వస్తుందో చూపించింది. అతను తల వంచుకుని విన్నాడు. ఇద్దరూ కలిసి కొయ్యలు పీకారు. తిరిగొచ్చేటప్పుడు ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను.

జాబితాలో తన పేరు కూడా ఎక్కించమంది. ఎక్కించాను, పదకొండోది. మా సంఘంలో ఏడాదికి ఒక్క స్థలమే ఖాళీ అవుతుంది. అత్తకు అరవై రెండేళ్ళు.