ఒకటిన్నరకు ఆర్పిన పొయ్యిలు

మానుకోటలో మా వాళ్లింట ఏ శుభకార్యం జరిగినా, మా చిన్నన్న విస్తరి ముందు కూర్చోగానే మొదలుపెడతాడు: "మా చెల్లె కొలువు చేసిన దినాలల్ల, శాటిలైట్ కోసమని ఊరంత పొయ్యిలు ఆర్పిచ్చింది!" అబద్ధం. ఆర్పొద్దని గొంతు చించుకున్నదాన్ని నేను. (చిన్నన్న అక్కడ లేనే లేడు.)

ఆ రోజుల్లో, చేతిలో డిగ్రీ పడగానే, లోకం నా మాట కోసమే ఆగి ఉందనుకునేదాన్ని. జనగామలో ఒక సారు దగ్గర కొలువు. ఉపగ్రహం కొలిచిన సల్ఫర్ డయాక్సైడ్ లెక్కలను పట్టికలో రోజుకో గడి చొప్పున నింపడం పని. ఒక వానాకాలం భూపాలపల్లి దిక్కు, బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ పెద్ద పొగగొట్టం పక్క ఊళ్లో నెల రోజులుండి జనం బాధలూ రాసుకురమ్మన్నాడు. నేను దిగిన ఇంటి అవ్వ మాటకోసారి దగ్గేది. దగ్గు పొగ వల్లనే అని ఎన్ని అర్జీలు పెట్టినా, ఆఫీసువాళ్లు "రుజువేది?" అని తిప్పి పంపారట. అవ్వకు నేను కాళ్లొచ్చిన రుజువును.

"శాటిలైట్ రోజూ పగటీలి ఒకటిన్నరకు పైనుంచి చూస్తది అవ్వా" అని నోరు జారాను. మరునాడు మధ్యాహ్నానికి వాడకట్టంతా పొయ్యిలు ఆరిపోయాయి.

"మా పొయ్యిల పొగ గిట్ట కనవడితే తప్పు మా మీదనే ఏస్తరు బిడ్డా. గా గొట్టం ఒక్కటే కనవడాలె."

"అది కట్టెల పొగను కొలవది అవ్వా, గొట్టంల నుంచి వచ్చే వాయువు వేరే!"

"నీకు సదువు తెలుసు. మాకు ఆఫీసోళ్లు తెలుసు."

(వాదనలో నన్ను ఓడించినవాళ్లు ఒక చేతి వేళ్లకు మించరు; అవ్వ బొటనవేలు.)

అందరితోపాటు నేనూ చల్లన్నం, ఉల్లిగడ్డ తిన్నాను. కానీ నెలంతా మబ్బే. మబ్బు పడితే ఉపగ్రహానికి కింద ఏమీ కనబడదు. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. అవ్వ వాకిట్లో నిలబడి, తల పైకెత్తి, "జర చూసిందా బిడ్డా?" అంటుంటే చెప్పడానికి నోరు రాలేదు. నాకు! నోరు రాలేదు!

జనగామకు వచ్చి గళ్లన్నీ ఖాళీగా వదిలేశాను. "ఖాళీగా పంపితే పని చేయలేదంటరమ్మా, సున్నాలు పెట్టెయ్" అన్నాడు సారు. "కనబడకపోవుడు వేరు, లేకపోవుడు వేరు సార్" అని గంటసేపు వాదించాను. ఆ తర్వాత కొలువు గుర్తొచ్చింది. పెట్టేశాను.

అవ్వ అర్జీ మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి నా సున్నాలు సాక్ష్యంగా. ఫోన్ చేసి, "పొగనే లేదని వచ్చిందట బిడ్డా. మల్ల మేం గన్ని దినాలు సల్లబువ్వ తిన్నది దేనికి?" అని దగ్గుతూనే నవ్వింది. నేను ఫోన్ పెట్టేశాను.

జుట్టు నెరిసింది. లోకాన్ని నోటితో దిద్దుతానన్న ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, పాపం, ఎంత ధీమా! కానీ వానాకాలం ఒకటిన్నరకు తల దానంతటదే పైకి లేస్తుంది. చిన్నన్నతోనైతే గెలుస్తాను గానీ, దీనికి జవాబు ఎవరైనా చెప్పండి: మబ్బు పట్టిన రోజున అవ్వ దగ్గితే, ఆ దగ్గును ఏ గడిలో రాయాలి?