మైనస్ చూపించిన ముల్లు

మా జీపు నేనే నడిపేదాన్ని. మావారు లెక్కల మాస్టారు. ఆయనకు సైకిల్ తప్ప మరో బండి రాదు. దర్శిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అయినా జీపుకి ఏ రిపేరు వచ్చినా మెకానిక్కులు ఆయనతోనే మాట్లాడేవాళ్లు.

తొంభైల చివర్లో జీపుకి పెద్ద లైట్లు పెట్టించాం. మిరపకాయలతో తెల్లవారకముందే గుంటూరు యార్డుకి బయలుదేరాలి మరి. వాటికి కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ చాలక, ఊళ్లో ఎలక్ట్రీషియన్ షాపులో పెద్దది వేయించాం. మావారితో ఇంటికి వస్తూ చూశాను. ఇంజను నడుస్తున్నా, బ్యాటరీలోకి కరెంటు వస్తోందో పోతోందో చూపే అమ్మీటరు ముల్లు మైనస్ వైపే ఉంది, బ్యాటరీ ఖాళీ అయిపోతున్నట్టు. బండి నేర్పేటప్పుడు మా నాన్న ముందు చూడమన్నది ఆ ముల్లునే.

వెంటనే బండిని షాపుకి వెనక్కి తిప్పాను.

ఎలక్ట్రీషియన్ మావారి వైపు తిరిగి, "బ్యాటరీ బ్రహ్మాండంగా చార్జవుతోంది సార్. మేడంగారిని ఆ ముల్లు చూడొద్దనండి" అన్నాడు.

"చార్జవుతుంటే మైనస్ ఎందుకు చూపిస్తోందయ్యా?" అన్నాను.

అతను డ్యాష్‌బోర్డు కింద చెయ్యిపెట్టి ఏదో చేశాడు. ముల్లు సున్నా మీద నిలబడింది. "ఇప్పుడు మైనస్ లేదుగా సార్!"

లైట్లు వేశాను. ముల్లు కదల్లేదు. వంగి చూస్తే, మీటరుకి వచ్చే రెండు వైర్లనీ కలిపి చుట్టేశాడు! జ్వరం వచ్చిందంటే థర్మామీటరు విరగ్గొట్టినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం నేనే బానెట్ ఎత్తాను. ఆల్టర్నేటర్ నుంచి కొత్త వైరు మీటరుతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి పోయింది. బ్యాటరీలోకి వచ్చే కరెంటు మీటరుకి తెలియదు, లైట్లకి పోయేదే తెలుస్తుంది. చార్జవుతోందన్న అతని మాట నిజమే. ఆ ఒక్క ముక్క నాకు విడమరిచి చెబితే ఏం పోయేది?

పాత మీటరు కొత్త ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుకి ఆగదని గుంటూరు నుంచి పెద్ద మీటరు, లావు వైరు తెచ్చుకున్నాను. బ్యాటరీ వైరు ఊడదీసి, ఆల్టర్నేటర్ వైరుని మీటరుకి లైట్లవైపు బిగించి, మళ్లీ అన్నీ కలిపాను. మావారిని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాను.

"ముల్లు ఎటుందండీ?"

"ప్లస్!" అని అరిచారాయన. "మెల్లగా మధ్యకి వస్తోంది." అంటే బ్యాటరీ నిండుతోందన్నమాట.

కొన్నాళ్లకి హారన్ పనిమీద మళ్లీ ఆ షాపుకే వెళ్లాల్సి వచ్చింది. ఎలక్ట్రీషియన్ వంగి, కొత్త వైరింగు చూసి, "శుభ్రంగా బిగించారు సార్" అన్నాడు మావారితో.

ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నారు.

ఎలక్ట్రీషియన్ సంగతి సరే, నాకు ఆ నవ్వు మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.