వెనక్కి చూడకుండా ఎనిమిది నిమిషాలు

రాజాంలో ఒక కాలేజీ మైదానం. మూడువేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నా క్లారినెట్టుకి. పాట లేదు, మాట లేదు, అంతా రాక్ సంగీతం. డెబ్బై దాటిన ముసలాణ్ణి, పంచె కట్టుకుని, కుర్రకారు ముందు ఎనిమిది నిమిషాలు ఏకధాటిగా ఊదాను.

మూడువేలు కాదు. మూడువందలుంటారేమో, అందులో కొన్ని ఖాళీ కుర్చీలు. ఎనిమిది నిమిషాల సంగతి తర్వాత చెబుతాను.

నా కూతురి కూతురు ఆ కాలేజీలో డ్రమ్ములు వాయిస్తుంది. గ్రీకు పురాణం పట్టుకుని ఏడాదిపాటు తనే కట్టుకున్న సంగీతం అది. ఒకడు గిటారు తీగల మీద స్టీలు గ్లాసు రాస్తాడు, ఇంకొకడు కీబోర్డు మీద గాలి ఊళపెట్టినట్టు మోగిస్తాడు. ముందు నా క్లారినెట్టు.

"ఆ కతలో వాయించీవోడొకడు యముడికాడికెల్లి వాయించి, సచ్చిపోయిన పెళ్లాన్ని అడిగీసాడు తాతా. తీసుకుపో గాని ఎలుగులోకి వచ్చేవరకు ఎనక్కి సూడొద్దన్నారు. సూసీసాడు. పోయినాది."

"మన ఆడది యముడి ఎంటబడి మొగుణ్ణి తెచ్చీసుకుంది. ఈ మగోడికి ఆమాత్రం సేతకానేదేటి?"

"సేతనవుతాదో నేదో నువ్వే సూపించు. నువ్వే వోడివి. ఎనకొచ్చే పెళ్లాన్ని నేను."

"మీ అమ్మమ్మ ఇంటే ఊరుకోదే."

ఏడు నిమిషాలవగానే డ్రమ్ము పూర్తిగా ఆగిపోవాలి. వెనక ఆమె ఉందో లేదో తెలియకుండా నేను ఊదుకుంటూ ముందుకు నడవాలి. ఎనిమిది నిమిషాలు దాటాక తిరగాలి. నేను తిరిగితే అందరూ ఒక్కసారిగా ఆపెయ్యాలి, అదే గుర్తు. ఇది కాలేజీల పోటీ, ఎనిమిదికి తగ్గితే లెక్కలోకి రాదు. గెలిస్తే విశాఖలో పెద్ద వేదిక. పిల్లలకిది ఆఖరి సంవత్సరం, పరీక్షలయ్యాక తలో దారి.

నాకొక జబ్బుంది. నలభై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళానికి ముందు నడిచాను. వెనక డ్రమ్మువాడి తాళం జారితే ఊదుతూనే తల తిప్పి కళ్లెర్రజేస్తాం. నోరు ఖాళీగా ఉండదు కదా, తిట్టడానికి కళ్లే గతి. సాధనలో మూడుసార్లు అలాగే తిరిగాను. నాలుగోసారి మనవరాలు కర్రలు పక్కనపెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"తాతా, డ్రమ్ము ఆగితే నేనే ఆపేనని నమ్ము. అంతే. ఇంకేటీ సెయ్యక్కర్నేదు."

నమ్ముతానన్నాను.

పోటీ రోజు మధ్యాహ్నం ఎండకి క్లారినెట్టు మీటలు చురుక్కుమంటున్నాయి. వేదిక అంచున గడియారం, ఎర్ర అంకెలు. ఆరు నిమిషాలు. డ్రమ్ము పలచబడింది. కర్రలు వదిలి వేళ్లతో కొడుతోంది. తర్వాత ఒక్క వేలు. ఏడు. ఆగింది.

ఒక అడుగు వేశాను. వెనక ఊపిరి కూడా వినబడలేదు. ఇంకో అడుగు. ఏడు నిమిషాల పది. మెడ నరాలు లాగుతున్నాయి. గడియారం మీదే చూపు బిగించాను. చెమట కంట్లోకి దిగింది. ఏడు ఇరవై. ఇంకో నలభై సెకన్లు, అంతే. అంకెలు కనబడుతూనే ఉన్నాయి, తెలుస్తూనే ఉంది.

తిరిగాను.

రెండు కర్రలూ మళ్లీ చేతికి తీసుకుని గాలిలో ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నా వీపునే చూస్తూ కూర్చుంది. గిటారు ఆగింది, కీబోర్డు ఆగింది. జనం అదే ముగింపనుకుని లేచి చప్పట్లు కొట్టారు. ఆమె కర్రలు మెల్లగా ఒడిలోకి దించింది.

ఇది జరిగి నెల అయింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. నిన్న అరసవల్లి నుంచి వచ్చిన బావమరిదికీ చెప్పాను: "పిల్లకేదో అయిపోయిందని మనసాగలేదురా. ఆ గ్రీకువోడూ అంతే కదా, ప్రేమకొద్దీ తిరిగాడు."

"మరేటి బావా, ప్రేమే," అన్నాడు వాడు, కళ్లు తుడుచుకుని.

మనవరాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతోంది.

"వోడి సంగతి నాకు తెల్దు గాని, నువ్వు ప్రేమతో తిరగనేదు తాతా. నేను తాళం తప్పీసేననుకుని తిరిగేవు. నీ కళ్లు నేను సూసేను. ఎర్రగున్నాయి."