మామ్ హిల్డా బోటీ గిన్నె

మామ్ హిల్డా మొఖేతి ఏ ఇల్లు అమ్మాలన్నా ముందు ఆ ఇంటి వంటగదిలో బోటీ వండేది. చిన్న ఇల్లయినా, ఈతకొలను ఉన్న భవంతి అయినా ఈ పద్ధతి మారేది కాదు. జొహానెస్‌బర్గ్‌లో ఇళ్ళు అమ్మి బతికేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో తియ్యగా మాట్లాడేవాళ్ళున్నారు, అబద్ధాలాడేవాళ్ళున్నారు, రెండూ ఒకేసారి చేసేవాళ్ళూ ఉన్నారు. బోటీ వండేది మాత్రం ఈవిడొక్కతే.

ఈ వ్యాపారంలో ఆదివారం పూట ఇల్లు తెరిచి జనానికి చూపిస్తారు. ఆ రోజు లోపల మంచి వాసన రావాలని కొందరు ఏజెంట్లు ఓవెన్‌లో రొట్టె పెడతారు, కొందరు కాఫీ కాస్తారు. ఫెరేరా కంపెనీలో మామ్ హిల్డా పక్క బల్ల మీద పనిచేసే మొలేఫి అయితే దాల్చినచెక్క మరిగించేవాడు. అతను ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునే రకం. దాల్చినచెక్క ఘుమఘుమ హాల్లోకి వచ్చి నిలదొక్కుకునేలోపే వంటగదిలోంచి బోటీ వాసన వచ్చి దాన్ని మెడపట్టి బయటికి గెంటేది.

"మామ్, కొనడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే తిరిగి పోతున్నారు" అనేవాడు మొలేఫి.

"పోనీరా. పోయేవాళ్ళు ఎలాగూ కొనరు."

"కొనేవాళ్ళే పోతున్నారు!"

"అయితే ఉప్పు తగ్గిందేమో, చూసి చెప్పు" అని ఆవిడ గరిటె అతని మూతి దగ్గర పెట్టేది. మొలేఫి ముక్కు మూసుకుని వెనక్కి తగ్గేవాడు. నల్లవాళ్ళ పేట సొవెటోలో పుట్టి పెరిగి బోటీ గిట్టనివాడు తన కడుపునే పుట్టాడని వాళ్ళమ్మ సెలీనా చుట్టాలందరి దగ్గరా వాపోయేది.

అందరూ పారిపోయేవాళ్ళని కాదు. వాసన పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఒకసారి ఒక కుటుంబం పిల్లాపాపలతో వచ్చి, బోటీ, మొక్కజొన్న ముద్ద కడుపారా తిని, పడకగదుల వైపు కన్నెత్తి కూడా చూడకుండా, "ఇల్లు చాలా బాగుందండీ" అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆవిడ ఆ కంపెనీలోకి వచ్చిన తీరు కూడా చెప్పుకోవలసిందే. వ్యాపారాల్లో నల్లవాళ్ళకి వాటా, పెత్తనం దక్కాలని సర్కారు చట్టం చేశాక కంపెనీలకు మార్కులు వేయడం మొదలుపెట్టారు. మార్కులు తక్కువైతే పెద్ద పనులు రావు. నెవిల్ ఫెరేరా తండ్రి నాటినుంచీ ఇళ్ళు అమ్మిస్తున్న తెల్లాయన. బళ్ళో చదివేటప్పుడే మార్కులంటే హడలిపోయిన మనిషి. సొవెటోలో సొంతంగా ఇళ్ళు అమ్ముకుంటున్న మామ్ హిల్డాను వెతుక్కుంటూ వెళ్ళి, సగానికి పైగా వాటా ఇచ్చి భాగస్వామిని చేసుకున్నాడు. నెలకోసారి వచ్చి సంతకం పెట్టి, టీ తాగి వెళ్తుందిలే అని లోపల అనుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి ఆవిడ ఆఫీసు తాళం దగ్గర నిలబడి ఉంది. చేతిలో పెద్ద సంచీ, సంచీలో గిన్నె.

"ఇంత ఆలస్యమా నెవిల్? ఇలాగైతే మన వ్యాపారం ఏం కావాలి?"

"మీరు రోజూ రానక్కర్లేదండీ హిల్డా గారూ..."

"సగానికి పైగా నాదేనన్నావుగా?"

"అన్నాను."

"మరి నువ్వు రోజూ వస్తున్నావు కదా, సగం కూడా లేనివాడివి."

ఫెరేరా తాళం తీశాడు.

కొన్నాళ్ళకి మార్కులు వేసే ఆఫీసునుంచి ఒకమ్మాయి తనిఖీకి వచ్చింది. పేరుకి ఒక నల్లమనిషిని పెట్టుకుని వెనక తామే పెత్తనం చేసే కంపెనీలను పట్టుకోవడం ఆమె పని. ఆదివారం పూట, ముందు చెప్పకుండా, అమ్మకానికి ఉన్న ఇంటికే నేరుగా వచ్చింది. వంటగదిలో చెమటలు కారుతూ గిన్నె కలుపుతున్న మామ్ హిల్డాను చూసేసరికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"అమ్మా, ఈ కంపెనీలో మీరేం పని చేస్తారు?"

"కనిపించడం లేదూ? వండుతాను."

గిన్నెలు తోమే తొట్టి దగ్గరున్న ఫెరేరాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"రోజూ ఇదే పనా?"

"అబ్బే, ఆదివారాలే. మిగతా రోజుల్లో వీళ్ళని తిడతాను."

"మరి యజమాని ఎవరు?"

"నేనేనమ్మా. ఇంకొకాయన కూడా ఉన్నాడు, అదిగో. నెవిల్, అడుగు గట్టిగా తోము. పోయినసారి మాడు వదల్లేదు."

"అలాగేనండీ హిల్డా గారూ" అన్నాడు ఫెరేరా, మోచేతుల దాకా సబ్బు నురగతో.

ఆ అమ్మాయి నురగని చూసింది, గరిటెని చూసింది. మరింకేమీ అడగకుండా పళ్ళెం అందుకుంది. ఆ ఏడు కంపెనీకి వచ్చిన మార్కులు చూసి తోటి వ్యాపారులు ముక్కున వేలేసుకున్నారు. "ఏం చేశావయ్యా?" అని అడిగితే, "గిన్నెలు తోమాను" అనేవాడు ఫెరేరా. ఒక్కరూ నమ్మలేదు.

ఆయనకి ఆవిడ మీద అసలు దిగులు బోటీ గురించి కాదు. ఆవిడ అమ్మిన ఇల్లు మళ్ళీ అమ్మకానికి వచ్చేది కాదు. ఈ వ్యాపారంలో కొన్నవాళ్ళు కొన్నేళ్ళకి విసుగుపుట్టి అమ్మేస్తేనే ఏజెంటు బతుకుతాడు. మామ్ హిల్డా దగ్గర కొన్నవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. "హిల్డా గారూ, మీరు ఇళ్ళు అమ్ముతున్నారా, చెట్లు నాటుతున్నారా?" అని ఫెరేరా తల పట్టుకునేవాడు. అదెందుకు అలా జరుగుతోందని మాత్రం ఆయనగానీ మొలేఫిగానీ ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇలా ఉండగా మొలేఫికే ఇల్లు కొనుక్కునే రోజు వచ్చింది. ఊరందరికీ ఈతకొలనులు చూపించే మనిషి తను మాత్రం రెండు గదుల అద్దె వాటాలో భార్య పులెంగ్, ఇద్దరు పిల్లలతో ఇరుక్కుని ఉన్నాడు. ముందుగదిలో సోఫా మీద వాళ్ళమ్మ పడుకునేది. హెరన్ వ్యూ అని గోడా, గేటూ, కాపలాదారులూ ఉన్న ఎస్టేట్‌లో ఒక ఇల్లు ఫెరేరా కంపెనీకి అమ్మకానికి వచ్చింది. మొలేఫి దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. అమ్మకి వేరే గది, పెద్ద వంటగది, పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక. బ్యాంకు అప్పు ఇస్తానంది. సోమవారం వెళ్ళి ఎంతకి కొంటాడో చెప్పేయడమే తరువాయి. ఆ ముందురోజు ఆదివారం ఇల్లు చూపించే వంతు మామ్ హిల్డాది.

"మామ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్క ఇంట్లో బోటీ వండకండి. రేపు నేను అక్కడ తలెత్తుకు తిరగాలి."

"సరేరా. వండను."

ఆదివారం మొలేఫి వెళ్ళేసరికి వీధి మొదటికే వాసన వచ్చింది. పరుగున లోపలికి వెళ్ళాడు.

"వండనన్నారు కదా!"

"వండలేదు. ఇంట్లో వండి తెచ్చాను. ఇక్కడ వేడి చేస్తున్నాను, అంతే. ఆ కిటికీ కూడా తెరువు."

గిన్నె ఆవిరి పట్టీ పట్టకముందే గేటు దగ్గరి గార్డు వచ్చి గుమ్మంలో నసుగుతూ నిలబడ్డాడు. ఎస్టేట్‌వాళ్ళ వాట్సాప్ గ్రూపులో గొడవగా ఉందన్నాడు. ఫోను తీసి చూపించాడు. పక్కింటి లెటోబా గారు రాశారు: "మురుగు పైపు పగిలిందా, లేక ఎవరైనా సొవెటోని మూటగట్టి ఇక్కడికి తెచ్చారా?" కింద నవ్వు బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆ లెటోబా గారింటి పెరట్లో అదే సమయంలో మాంసం కాలుతోంది. ఆ పొగ వీధంతా కమ్ముకున్నా దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

మామ్ హిల్డా గార్డుకి పళ్ళెం ఇచ్చి కూర్చోబెట్టింది. మొలేఫి మొహం జేవురించింది.

"మీకిప్పుడు తృప్తిగా ఉందా? నా ఇల్లు నాశనం చేశారు. అసలు నేను బోటీ తిననే తినను!"

"నువ్వు తినవు. మీ అమ్మ తినదూ?"

"అమ్మ సంగతి ఇప్పుడెందుకు? లెటోబా కూడా నల్లవాడే, మనవాడే, నచ్చజెప్పుకుంటాను."

"మనవాడైతే మరీ కష్టంరా. పరాయివాడైతే కనీసం తిట్టుకోవచ్చు." ఆవిడ పొయ్యి తగ్గించింది. "కూర్చో. మన నల్లవాళ్ళకి ఓటు హక్కు వచ్చిన కొత్తలో నేనూ ఇలాంటి పేటలో ఇల్లు కొన్నాను. ఆ వీధిలో మనవాళ్ళు ఇంకెవరూ లేరు. మొదటి ఆదివారం మా అత్తగారు సంబరంగా బోటీ పెట్టింది. అది ఉడక్కముందే మునిసిపాలిటీ బండి వచ్చింది, మురుగు పైపు చూడ్డానికి. ముసలమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మళ్ళీ ఆ ఇంట్లో పొయ్యి ముట్టుకోలేదు. నేనూ మా ఆయనా పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్ళం. పగలంతా కిటికీలు మూసుకుని కూర్చునేది ఆవిడ. చివరికి అది అమ్ముకుని సొవెటో వచ్చేశాం. నాకు ఆ ఇల్లు అమ్మినవాడు పైకప్పు చూపించాడు, కుళాయిలు తిప్పి చూపించాడు. పక్కింటివాణ్ణి చూపించలేదు."

మొలేఫికి కోపం మాత్రం దిగలేదు. కారు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ సోఫా కింద దాచుకున్న పెద్ద గిన్నె బయటికి తీసి తుడుస్తోంది. ఈ ఇరుకు వాటాలో దాన్ని వాడే అవకాశమే రాలేదు.

"ఆ ఇంట్లో వంటగది పెద్దదటగా? పులెంగ్ చెప్పింది. కిటికీ ఉందా?"

"ఉందమ్మా."

"పక్కవాళ్ళు మంచివాళ్ళేనా? నేనే కదా పగలంతా ఉండేది. మొదటి ఆదివారం వాళ్ళక్కూడా ఓ గిన్నె పంపుతాను."

మొలేఫి భోజనం ముందు కూర్చున్నాడు. అతనికి నవ్వు బొమ్మల వరస గుర్తొచ్చింది. సోమవారం ఇల్లు కొంటానని చెప్పడానికి అతను వెళ్ళలేదు. హెరన్ వ్యూ ఇంకెవరో కొనుక్కున్నారు. మొలేఫికి ఆ ఇల్లు తలుచుకుంటే కడుపు మండేది, మామ్ హిల్డాను చూస్తే ఇంకా మండేది. పక్క బల్లే కనుక రోజూ చూడక తప్పేది కాదు.

వానలు మొదలయ్యాక ఇంకో ఇల్లు వచ్చింది. పాత పేట, పాత ఇల్లు. గోడా గేటూ ఆర్భాటం లేవు, హాలు కప్పుకి పగులు, పెరట్లో జకరండా చెట్టు. మొలేఫి రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాడు. శనివారం సాయంత్రం ఆఫీసులో అందరూ వెళ్ళేదాకా ఆగి, గోడ వైపు చూస్తూ అడిగాడు.

"మామ్, రేపు ఆ గిన్నె తెస్తారా?"

"ఏ గిన్నె?" అంది ఆవిడ, అమాయకంగా.

"తెలిసీ అడగకండి మామ్."

మర్నాడు బోటీ ఉడుకుతోంది. మొలేఫి ముక్కుకి రుమాలు కట్టుకుని వంటగదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. దాల్చినచెక్క ఊసే లేదు. ఫెరేరా తొట్టి దగ్గర తన వంతు కోసం చొక్కా చేతులు మడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇంతలో పక్కింటి గోడ మీదినుంచి ఒక గొంతు ఉరిమింది.

"ఎవరయ్యా అక్కడ? ఏం వండుతున్నారు?"

ముగ్గురూ కొయ్యబారిపోయారు. మొలేఫి కిటికీలోంచి చూస్తే గోడ మీద ఎర్రగా కందిన మొహం, తెల్ల గడ్డం. రైల్వేలో పనిచేసి రిటైరైన డానీ స్నేమన్ అనే తెల్లజాతి పెద్దాయన, నిచ్చెన వేసుకుని మరీ ఎక్కాడు.

"బోటీ!" అని అరిచింది మామ్ హిల్డా, పొయ్యి దగ్గరినుంచి కదలకుండా. "ఏం, అభ్యంతరమా?"

"అభ్యంతరం కాదూ మరి! మసాలా ఏదీ? కూరపొడి వాసనే రావడం లేదు! మా అమ్మ గొర్రె కాళ్ళు కూడా వేసి వండేది, కూరపొడి దండిగా వేసి. అది బోటీ అంటే. ఆగండి, మా ఇంట్లో డబ్బా ఉంది." మొహం గోడ వెనక్కి దిగిపోయింది.

"వద్దు! నా గిన్నెలో ఆ కూరపొడి వేస్తే చేతులు విరగ్గొడతాను!"

"రుచి తెలియని మనుషులు!" అని గోడ వెనకనుంచి వినిపించింది. కాసేపటికి పెద్దాయన వీధి గుమ్మంలోంచే వచ్చాడు, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో ఖాళీ గిన్నె.

మామ్ హిల్డా మొలేఫి వైపు తిరిగింది. "ఇల్లు చూశావుగా. ఇక నీ ఇష్టం."

"కప్పు పగిలింది మామ్" అన్నాడు మొలేఫి. రుమాలు వెనకనుంచి అతని గొంతు బొంగురుగా వచ్చింది.

"కప్పు బాగుచేయించుకోవచ్చురా."

ఇప్పుడు ఆ ఇంట్లో ప్రతి ఆదివారం సెలీనా పెద్ద గిన్నె పొయ్యెక్కుతుంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంటాయి. కూరపొడి వేయాలా వద్దా అని గోడకి ఇటునుంచి ఆవిడా అటునుంచి డానీ పెద్దాయనా గొంతులు చించుకుంటారు. వాదన తెగదు, గిన్నె మాత్రం ఖాళీ అయిపోతుంది. హాలు కప్పు పగులు అలాగే ఉంది. బాగుచేస్తానన్న డానీ పెద్దాయన నిచ్చెన గోడ దగ్గరే స్థిరపడిపోయింది.

మొన్న ఆదివారం మామ్ హిల్డా భోజనానికి వచ్చింది. వీధిలో నిలబడి ఇంటిని కిందినుంచి పైదాకా పరకాయించి చూసింది. అన్ని కిటికీలూ తెరిచి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ గది మొలేఫిది. లోపల దాల్చినచెక్క మరుగుతోంది.

"ఒరే మొలేఫీ!" అని కేకేసింది ఆవిడ. "ఈ వీధిలో చెడ్డ పొరుగువాడు ఎవరో నాకిప్పుడు తెలిసిందిరా!"